అయిదో బాటలో పదకొండు ఆదివారాలు

నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. నా చేయి మాత్రం మంచిదని అందరూ నమ్మేవాళ్ళు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆసుపత్రి రికార్డుల సెక్షన్‌లో పనిచేశాను. నేను ఎక్కించిన ఫారం ఒక్కటి కూడా తప్పని తిరిగి రాలేదు. కొత్తగా చేరిన అమ్మాయిలకు మా సూపరింటెండెంటు నన్ను దూరం నుంచి చూపించి, "ఆవిడ నోటికి దొరక్కండి, పని మాత్రం ఆవిడ దగ్గరే నేర్చుకోండి" అని చెప్పేవాడట. ఆ చేత్తోనే నా చెల్లెలి కొంప ముంచాను.

చెల్లెల్ని ఇంట్లో బుల్లి అంటాం. అరవై ఏళ్ళొచ్చినా బుల్లే. బయట మాత్రం తూనీగల మేడమ్. విశ్వవిద్యాలయంలో జీవావరణ శాస్త్రం చెప్పేది. ఊరి చివర ఒక చిత్తడి ఉండేది, అక్కడి తూనీగలను పన్నెండేళ్ళపాటు లెక్కపెట్టింది. "తూనీగల్ని లెక్కపెట్టినందుకు జీతమిస్తారుటే నీకు? ఇక్కడ రోగుల్ని లెక్కపెట్టినా మాకు సరిగ్గా ఇవ్వడం లేదు" అని నేను ఏడిపించేదాన్ని. అది నవ్వి ఊరుకునేది. చిన్నప్పటి నుంచీ అంతే, ఎంత గిల్లినా కోపం రాదు దానికి. ఇంటి మొత్తానికి రావలసిన కోపం నాకే వచ్చింది.

ఆ లెక్కకు పద్ధతి ఉంది. చిత్తడి చుట్టూ అయిదు బాటలు. సీజన్‌లో పదకొండు ఆదివారాలు. పొద్దున పది నుంచి పన్నెండు దాకా ఒక్కో బాటలో ఒక్కో మనిషి, తొందరపడకుండా, ఆగకుండా ఒకే నడకతో నడవాలి. బాటకు అటూ ఇటూ అయిదడుగుల లోపల కనిపించిందే లెక్క. ఆరో అడుగులో బంగారపు తూనీగ కనిపించినా రాయకూడదు. ఇంకో రూలు కూడా బుల్లే పెట్టింది. సీజన్ అయ్యేదాకా ఒకరి లెక్క ఒకరికి చెప్పకూడదు. పక్కవాడికి ఇరవై కనిపించాయని తెలిస్తే మన కళ్ళు కూడా ఇరవై వెతుక్కుంటాయట. అందుకని ఎవరి కాగితాలు వాళ్ళు కవర్లో పెట్టి, సీజన్ చివర అంటించి ఇచ్చేవాళ్ళు, అన్నీ చేరాక బుల్లి తీరిగ్గా ఒకేసారి విప్పేది.

నాలుగు బాటలు బుల్లీ, దాని విద్యార్థులూ నడిచేవాళ్ళు. అయిదోది మా మాస్టారిది. మాస్టారంటే బుల్లి భర్త. బడిలో డ్రాయింగు టీచరు, శాస్త్రానికీ ఆయనకూ ఏ సంబంధమూ లేదు. పెళ్ళాం ఆదివారాలు కూడా ఇంట్లో ఉండడం లేదని మొదటి ఏడాది అలిగారు, రెండో ఏడాది గొడుగు పట్టుకుని తనూ బయల్దేరారు. అయిదో బాట చిత్తడికి ఆ చివర ఉంటుంది. దానికి వేరే గేటు, గేటు పక్కన పాత పంపుహౌసు. చుట్టూ తిరిగి అంత దూరం ఎవరూ పోమంటే ఆయన తీసుకున్నారు. ఎర్రతోక తూనీగ అనేది ఆ బాటలోనే ఉండేది, ఇంకెక్కడా కనిపించేది కాదు. దాని బొమ్మలు ఎన్ని వేశారో లెక్కలేదు. మా గ్యాస్ పుస్తకం అట్ట మీద కూడా ఒకటి ఉంది.

ఆదివారం మధ్యాహ్నం అన్నాల దగ్గర నేను కావాలనే కదిపేదాన్ని. "మాస్టారూ, ఇవాళ ఎన్ని చిక్కాయి?"

ఆయన పెదాల మీద వేలు పెట్టుకునేవారు. "మేడమ్‌గారి రూలు, వదినా. చెబితే కాపురం కూలిపోతుంది."

బుల్లి కూర వడ్డిస్తూ, "కూలనివ్వను గానీ, చెప్పొద్దు" అనేది. అలా గడిచాయి పన్నెండేళ్ళు.

పన్నెండో సీజన్‌లో మాస్టారు డీలా పడ్డారు. గొడుగు, మంచినీళ్ళ సీసా, రాసుకునే అట్ట తీసుకుని పొద్దున్నే వెళ్ళేవారు, వచ్చి మాట్లాడకుండా పడుకునేవారు. బుల్లి ఏమైందని అడిగితే ఎండ అనేవారు. నేను అడిగితే, "మీ చెల్లెలి రూలు, నోరు విప్పకూడదు" అనేవారు. ఆ మాటకు నేను పగలబడి నవ్వడం గుర్తుంది. సీజన్ అయిపోయిన పద్దెనిమిదో రోజు బడి మెట్ల మీద కూర్చుని, అలాగే వెనక్కి వాలిపోయారు. గుండె అన్నారు. పొద్దున ఇంట్లో దువ్వెన కనబడక గొడవ చేసి వెళ్ళిన మనిషి మధ్యాహ్నానికి లేడు.

రెండు నెలల తర్వాత బుల్లి కవర్లన్నీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అప్పటికే నేను నా అద్దె గది ఖాళీ చేసి దాని దగ్గరికి వచ్చేశాను. "అక్కా, నువ్వే కంప్యూటర్లో ఎక్కించు. నాకు ఆయన రాత చూసే శక్తి లేదు" అంది.

"నేనున్నాగా, నువ్వు పోయి పడుకో" అన్నాను. రెండు రోజుల్లో ఎక్కించేశాను. అయిదో కవర్లో పదకొండు కాగితాలు. తేదీ రాసి ఉంది, సమయం రాసి ఉంది. ఎండా, మబ్బా, గాలి ఎటు నుంచి, అన్నీ ఉన్నాయి. ఎన్ని కనిపించాయి అన్న గడి మాత్రం పదకొండింట్లోనూ ఖాళీ. మా సెక్షన్‌లో ఖాళీ గడి అంటే నేరం. సంతానం లేకపోతే సున్నా వేయాలి, పాత ఆపరేషన్లు లేకపోతే సున్నా వేయాలి, వేయకపోతే ఫారం మొహాన కొడతారు. నా సొంత ఫారంలో సంతానం దగ్గర ఎన్నిసార్లు సున్నా పెట్టానో నాకే తెలియదు. ఈయనకేమో సున్నా చుట్టడానికి కూడా బద్ధకమా అని ప్రేమగానే విసుక్కుని, పదకొండు సున్నాలు కొట్టాను. నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది.

ఆ పట్టిక చూసి బుల్లి చాలాసేపు ఏడ్చింది. అంతకుముందు ఏడు పంతొమ్మిది ఉన్న చోట ఈ ఏడు ఒక్కటీ లేదు.

"పాపం అక్కా, పదకొండు ఆదివారాలు నడిచి ఒక్కటీ చూడలేదు. నాకు చెప్పకూడదు కదా, లోపలే పెట్టుకున్నాడు. అందుకే అంత దిగులుగా ఉన్నాడు" అంది. "నా రూలు వల్ల ఒక్కడే మోశాడు."

నేను దాని వీపు నిమిరాను. నాకూ అదే నిజమనిపించింది.

ఆ లెక్కతో అది పేపరు రాసింది. ఎర్రతోక తూనీగ పన్నెండేళ్ళలో ఎలా మాయమైపోయిందో చెప్పే పేపరు. రచయితలు ఇద్దరు. రెండో పేరు మాస్టారిది, పేరు మీద చిన్న గుర్తు, పేజీ అడుగున ఆయన ఇప్పుడు లేరని ఒక వాక్యం. ఆ పేపరు ఎగిరింది చూడండి! ఎక్కడెక్కడి వాళ్ళో తమ పేపర్లలో దాన్ని చూపించారు. ఒక పేపరును ఎంతమంది అలా చూపిస్తే అంత గొప్పట వాళ్ళ లోకంలో. దానికి ఒక సంఖ్య ఉంటుంది, పెరుగుతూ పోతుంది. పొద్దున్నే టీ కప్పు పట్టుకుని, ఫోన్‌లో ఆ సంఖ్య చూసుకోవడం బుల్లికి అలవాటైంది.

"అక్కా, ఇవాళ ఇంకో ముగ్గురు తలుచుకున్నారు."

"వాళ్ళు తలుచుకున్నది తూనీగని, మీ ఆయన్ని కాదు."

"ఆయన పేరు రాయకుండా తూనీగ పేరు రాయలేరుగా!"

ఆ మాట అన్నప్పుడు దాని మొహంలో వెలుగు చూడాలి. పదహారేళ్ళు ఆ వెలుగుతోనే మా ఇంట్లో తెల్లవారింది. ఈ ఏడాది మొదట్లో ఆ సంఖ్య వెయ్యీ నూట ఎనభై నాలుగు. అది రాసిన మిగతా ముప్ఫై ఏడు పేపర్లవీ కలిపినా రెండు వందల పన్నెండు. విభాగంలో కొందరు వెనకాల ఒక్క పేపరు మేడమ్ అనేవాళ్ళు. ఒకసారి నా చెవిన పడితే అక్కడే దులిపేశాను. బుల్లి మాత్రం, "నిజమే కదక్కా, నాకు ఆ ఒక్కటి చాలు" అంది.

చిత్తడిని పదేళ్ళ కిందట పూడ్చేశారు. ఇప్పుడక్కడ గోదాములు. అప్పుడు విద్యార్థులు వచ్చి అడ్డుపడదాం మేడమ్ అంటే, "అక్కడ ఇంకేం మిగిలింది, ఎందుకోసం అడ్డుపడదాం?" అంది. ఆయన పోయాక ఆ వైపు ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

ఇంకో మూడు నెలల్లో రిటైరవుతుందనగా ఒక ఉత్తరం వచ్చింది. ఎక్కడో దూరంలో తూనీగల మీద పనిచేసే ఒక అమ్మాయి రాసింది. ఎంతో మర్యాదగా రాసింది. బుల్లి నాకు చదివి వినిపించింది. మీ పేపరు చదివే నేను ఈ చదువులోకి వచ్చాను, పంతొమ్మిది నుంచి ఒక్కసారిగా సున్నాకు పడిపోవడం నా లెక్కలో ఇమడడం లేదు, ఆ పదకొండు సున్నాలు నడిచి చూసిన సున్నాలా, నడవని వారాలా, అసలు కాగితాలు చూపిస్తారా అని.

బుల్లి నవ్వింది. "అదేం ప్రశ్న అక్కా! ఆయన నడవకుండా ఉంటాడా? పెట్టెలోంచి ఆ కవరు తీసి స్కాన్ చేసి పంపించు. నేను క్లాసు చెప్పి వస్తాను."

అది వెళ్ళాక మంచం కింది పెట్టె బయటికి లాగాను. నాకు అప్పటికే ఏదో తేడాగా ఉంది. నడిచిన సున్నా ఏమిటి, నడవని వారం ఏమిటి? సున్నా సున్నాయే కదా! ముందు మిగతా నాలుగు కవర్లు విప్పాను. తూనీగలు కనిపించని రోజున ఎవరైనా సరే శుభ్రంగా సున్నా చుట్టారు. ఒక కుర్రాడు రెండు వారాలు జ్వరపడ్డాడు, ఆ రెండు గడులూ ఖాళీ. వాటిని పట్టికలో నేను ఏం చేశానో చూస్తే, పక్కన 'జ్వరం' అని రాసి ఉంది కాబట్టి వదిలేశాను. అప్పుడు మాస్టారి పాత కాగితాలు తీశాను. నాలుగో ఏడు ఒక వానరోజున ఆయనకూ ఏమీ కనిపించలేదు. సున్నా చుట్టి, దానికి చిన్న తోక కూడా తగిలించారు. సున్నా పెట్టడానికి ఆ మనిషికి బద్ధకం లేదు.

పన్నెండో ఏటి కవరు విప్పాను. పదకొండు గడులు, నేను అప్పుడు చూసినట్టే ఖాళీగా ఉన్నాయి.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. అయినా చెప్తాను. బల్ల సొరుగులో పెన్సిలు ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. ఆ పెన్సిలు రాతకు ఇన్నేళ్ళ తర్వాత పాతది, కొత్తది అని ఎవరు చెప్పగలరు? పదకొండు సున్నాలు, తోకలతో సహా పెడితే బుల్లి పేపరు బుల్లికి ఉంటుంది, రోజూ పొద్దున్నే ముగ్గురో నలుగురో మాస్టారిని తలుచుకుంటూ ఉంటారు. ఎవరికి నష్టం? మొదటి కాగితంలో పెట్టాను. రెండో దాంట్లో పెట్టాను. నా చేయి ఇసుమంతైనా వణకలేదు, దీని దుంపతెగ. మూడో దాంట్లో తోక సరిగ్గా రాలేదని రబ్బరుతో తుడవబోతే కాగితం వెనక వేళ్ళకు గరుకుగా తగిలింది. వెనక ఎవరో గట్టిగా నొక్కి రాసిన రాత.

తిప్పాను.

'ఊపిరి అందలేదు. గేటు దగ్గరే కూర్చున్నాను. బాట నడవలేదు. ఖాళీ.'

కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. తర్వాత వరసగా అన్నీ తిప్పాను. పదకొండు కాగితాల వెనకా రాసి ఉంది.

'డాక్టరు మెట్లు కూడా ఎక్కొద్దన్నాడు. వదిన పనిచేసే ఆసుపత్రికి వెళితే రికార్డుల్లో నా పేరు పట్టేస్తుంది, అందుకే బస్సెక్కి వేరే చోట చూపించుకుంటున్నాను. బుల్లికి సీజన్ అయ్యాక చెప్పాలి.'

'గేటు నుంచి పది అడుగులు వేశాను. తిరిగి వచ్చేశాను. పది అడుగులు బాట కాదు. ఖాళీ.'

'ఇవాళ ఒక ఎర్రతోకది వచ్చి గొడుగు కొన మీద వాలింది. చాలాసేపు ఉంది. బొమ్మ వేద్దామంటే చేయి వణికింది. బాట మీద చూసింది కాదు కాబట్టి లెక్కలో రాయలేదు.'

చివరి ఆదివారం కాగితం వెనక కొంచెం ఎక్కువ ఉంది.

'బుల్లీ, కవరు విప్పినప్పుడు నన్ను తిట్టకు. నోటితో చెబుదామని చాలాసార్లు అనుకున్నాను, నీ మొహం చూస్తే రాలేదు. ఈ ఖాళీలు చూస్తే నీకే తెలిసిపోతుంది. పై ఏడు ఈ బాటకు ఇంకెవరినైనా పెట్టు. అవి ఇక్కడే ఉన్నాయి.'

నేల మీద అలాగే కూర్చుండిపోయాను. పెళ్ళానికి తన జబ్బు చెప్పడానికి ఆయన ఎంచుకున్న దారి అదొక్కటే. దాన్ని బుల్లి కంటే ముందు చూసింది నేను. చూసి, వెనక్కి తిప్పకుండా, గడులు నింపేశాను. అప్పటికి మాస్టారు పోయారు కాబట్టి ఆయన్ని ఎలాగూ బతికించలేకపోయేదాన్ని, ఆ సంగతి తెలుసు. తెలిసినా ఏం లాభం? ఆయన ఆఖరి మాటను పదహారేళ్ళు మంచం కింద తొక్కిపెట్టాను.

బుల్లి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళైంది. నేను ఇంకా నేల మీదే ఉన్నాను. "అదేంటక్కా, కాళ్ళు పట్టేశాయా?" అంటూ చేయి అందించింది.

"నన్ను ముట్టుకోకే. ముందు ఇది చూడు. గడిలో ఏమీ లేకపోతే నేను సున్నాలు పెట్టాను. ఇప్పుడు మళ్ళీ మూడు పెట్టాను, దొంగతనంగా. వెనక చదువు."

అది గోడకు ఆనుకుని నా పక్కనే కూర్చుంది. ఒక్కొక్క కాగితమే తీసి, ముందు చూసి, వెనక చదివి, పక్కన పెట్టింది. గొడుగు కాగితం దగ్గర చాలాసేపు ఆగింది. చివరిది చదివాక దాన్ని ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. అరిస్తే బాగుండును, రెండు దెబ్బలు వేసినా బాగుండును. అరవడం దానికి ఎప్పుడూ చేతకాలేదు.

"తిప్పి చూడలేకపోయావా అక్కా?" అంది చివరికి.

ఎవరు ఏమన్నా నోటి దగ్గరే సమాధానం ఉండే దాన్ని, ఆ ఒక్క ప్రశ్నకు తల దించుకున్నాను.

"తూనీగలు లేవని దిగులు పడ్డాడనుకున్నాను. ఎక్కడ ప్రసంగం చేసినా ఆ ముక్క చెప్పేదాన్ని. పిల్లలు కళ్ళు తుడుచుకునేవాళ్ళు" అంది. "ఆయనకేమో అవి కనిపిస్తూనే ఉన్నాయి. ఆయనే ఉండడని తెలిసి కూర్చున్నాడు. నేను నాలుగో బాటలో ఉన్నాను అక్కా. కేక వేస్తే వినిపించేంత దూరం."

అది ఏడవడం మొదలుపెట్టింది. నేనూ ఏడ్చాను. చాలాసేపు దీపం కూడా వేయలేదు.

తర్వాత లేచి మొహం కడుక్కుని వచ్చింది. సొరుగులోంచి రబ్బరు తీసి, నేను పెట్టిన మూడు సున్నాలను మెల్లగా, కాగితం చిరగకుండా తుడిచింది. పొడి ఊదేసింది.

"ఇవి పంపించాలి" అంది.

"పంపొద్దే. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఎలుకలు కొట్టేశాయని రాద్దాం. తప్పు నాది, శిక్ష నీకెందుకు? అయినా నీ సంగతి వదిలెయ్, మాస్టారి పేరు పోతుందే! ఆయన పేరున్నది ఆ ఒక్క పేపరు మీదే."

"పోతుంది. తెలుసు." రబ్బరు సొరుగులో పెట్టి మూసింది. "వెయ్యి మంది తలుచుకున్నది ఆయన చెప్పని మాటని అక్కా. నడవలేదు కాబట్టి ఖాళీ అన్నాడు. గొడుగు మీద వాలిన దాన్ని కూడా రాసుకోలేదు. అంత నిజాయితీగా ఉన్న మనిషి పేరు అబద్ధం కింద ఎలా ఉంచను?"

నేను కాగితాలను తేదీల వరసలో సర్దడం మొదలుపెట్టాను.

"ఇంకోటి చెప్పనా? చిత్తడి పూడ్చేటప్పుడు గోదాములవాళ్ళు ఒక నివేదిక రాశారు. ఆ తూనీగ ఇక్కడ లేదని తేలింది కాబట్టి అభ్యంతరం లేదని, రుజువుగా మన పేపరే చూపించారు. ఆ వెయ్యీ నూట ఎనభై నాలుగులో అదీ ఒకటి. ఆ రోజు పొద్దున నీకు ఏమని చెప్పానో గుర్తుందా? ఇవాళ ఒకరు తలుచుకున్నారని చెప్పాను."

పేపరు వెనక్కి తీసుకుంటున్నామని ఉత్తరం నా చేతే కొట్టించింది. వద్దంటే, "నువ్వే కొట్టు. ఈసారి ఇద్దరం చూసుకుందాం" అంది. తప్పు ఎవరిదో రాసే చోట నా పేరు పెడతానన్నాను. ఒప్పుకోలేదు. పేపరు రాసినవాళ్ళే కాగితాలు చూసుకోవాలి, నేను చూసుకోలేదు, అని తన పేరే రాయించింది. ఆ దూరపు అమ్మాయికి కూడా రాసింది. నీ లెక్కే సరైనది, అడిగినందుకు కృతజ్ఞతలు అని. పదకొండు కాగితాలూ రెండు వైపులా స్కాన్ చేశాను.

నెలన్నరకు ఆ పేపరు మీద ఎర్రని అడ్డగీత వచ్చింది, ఉపసంహరించుకున్నారని. రిటైరైన రోజు సభ పెట్టారు గానీ, వచ్చినవాళ్ళు తక్కువ. ముందు వేసిన పెద్ద బ్యానరు మీద ఆ సంఖ్య ఉండేదట, దాన్ని తీసేసి చిన్నది కట్టారు. మాట్లాడినవాళ్ళు దాని మంచితనం గురించి మాట్లాడారు, పని ఊసు ఎవరూ ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండింది. బుల్లి నా చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. విచిత్రమేమిటంటే ఆ సంఖ్య ఇప్పటికీ పెరుగుతోంది. అడ్డగీత చూడకుండానే జనం పేపరును చూపిస్తున్నారు. ఒకరోజు దొంగచాటుగా చూశాను, వెయ్యీ నూట తొంభై ఒకటి. బుల్లికి చెప్పలేదు. అది ఇప్పుడు టీ తాగుతూ కిటికీలోకి చూస్తుంది.

సీజన్ మొదటి ఆదివారం పొద్దున్నే లేచి తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటోంది. చేతిలో మాస్టారి గొడుగు, అట్ట, దాని మీద అయిదో బాట కాగితం. ఎక్కడికే అంటే, "నువ్వూ రా" అంది.

గోదాముల గేటు దగ్గర కాపలాదారు ఎందుకు, ఏమిటి అని నిలదీశాడు. రిటైరైన పంతులమ్మ, నడవాలట, నీ సరుకు ఎత్తుకుపోదులే అని నేను గదమాయిస్తే వదిలాడు. పంపుహౌసు గోడ ఒకటి ఇంకా మిగిలి ఉంది. నన్ను దాని నీడన కూర్చోబెట్టి గొడుగు నా చేతికిచ్చింది. సరిగ్గా పదింటికి బయల్దేరింది.

అక్కడ బాట లేదు, నీళ్ళు లేవు, గడ్డిపోచ లేదు. సిమెంటు నేల, లారీలు, ఎండ. అయినా అది ఆ పాత నడకతోనే వెళ్ళింది. తొందర లేదు, ఆగడం లేదు. అటు అయిదడుగులు, ఇటు అయిదడుగులు చూసుకుంటూ వెళ్ళి, లారీల వెనక మాయమై, మళ్ళీ కనిపించింది. లారీవాళ్ళు పిచ్చిదనుకుని పక్కకు తప్పుకున్నారు. నేను గొడుగు కొన వైపే చూస్తూ కూర్చున్నాను. ఏదీ వచ్చి వాలలేదు. మాస్టారు ఇక్కడ పదకొండు ఆదివారాలు ఒక్కరే ఇలాగే కూర్చున్నారు.

పన్నెండింటికి చెమటతో తిరిగి వచ్చింది. నా పక్కన కూర్చుని రాసింది. తేదీ. సమయం. ఎండ. గాలి లేదు. చివరి గడి దగ్గర కొంచెం ఆగి, సున్నా చుట్టింది. కాగితం నాకిచ్చింది.

"ఇది ఎక్కించు అక్కా."

ముందు వెనక్కి తిప్పి చూశాను. ఏమీ లేదు. మళ్ళీ ముందుకు తిప్పి ఆ సున్నా వైపు చూశాను. ఆనాడు నేను బల్ల దగ్గర కదలకుండా కూర్చుని పెట్టిన పదకొండు సున్నాలూ చివరికి ఇక్కడ నిజమయ్యాయి. కళ్ళు మసకబారి గడులు కనిపించలేదు.

"పద బుల్లీ, పోదాం. చూసేశావుగా. ఇంక ఇక్కడ మనకేం పని?" అన్నాను.

అది గొడుగు ముడుచుకుంటూ, "పై ఆదివారం కూడా పదింటికల్లా ఉండాలి. ఇంకా పది ఉన్నాయి" అంది.